యెన్ పడినా కెమెరా ధర దిగదేం?

2018 ఫిబ్రవరిలో సోనీ ఎ7 మార్క్ 3 కెమెరా బాడీ అమెరికాలో 1,999 డాలర్ల ధరతో వచ్చింది. 2021లో వచ్చిన మార్క్ 4 ధర 2,499 డాలర్లు. 2025 డిసెంబరులో మార్క్ 5 వచ్చేసరికి అది 2,899 డాలర్లయింది. ఒకే వరుసలోని మూడు కెమెరాలు, ఎనిమిదేళ్లకు దగ్గరగా కాలం, 45 శాతం పెరుగుదల. ఇదే కాలంలో జపాన్ యెన్ డాలరుకు సుమారు 107 నుంచి 155 దాకా పడిపోయింది. కంపెనీ జపానుది, ఆ దేశపు కరెన్సీ చవకబడింది, అయినా ధర పెరిగింది. ఇవే ధరలను ఆయా రోజుల మారకం రేటుతో రూపాయల్లోకి మారిస్తే సంగతి ఇంకా గట్టిగా తెలుస్తుంది. 2018లో డాలరు 65 రూపాయల దగ్గర ఉంది కాబట్టి 1,999 డాలర్లంటే సుమారు లక్షా 30 వేలు. 2025 చివరికి డాలరు 90 రూపాయలకు చేరింది కాబట్టి 2,899 డాలర్లంటే సుమారు 2 లక్షల 60 వేలు. పన్నులు కలపకముందే ధర రెట్టింపయింది.

ఈ రెట్టింపును విడదీసి చూడాలి. ఆ కాలంలో అమెరికాలో అన్ని వస్తువుల ధరలూ కలిపి సుమారు 30 శాతం పెరిగాయి. అంటే డాలరు ధరలో కనిపించే పెరుగుదలలో పెద్ద భాగం అక్కడి ద్రవ్యోల్బణమే. మిగిలిన దాంట్లో కొత్త సెన్సరు, కొత్త ప్రాసెసర్, 2025లో అమెరికా వేసిన దిగుమతి సుంకాలు, కంపెనీ లాభాల లెక్క ఉన్నాయి. దాని మీద రూపాయి బలహీనత వచ్చి కూర్చుంది. అదే ఒక్క డాలరు కొనడానికి 38 శాతం ఎక్కువ రూపాయలు పెట్టాల్సి వచ్చింది. న్యూయార్క్ ఫోటోగ్రాఫరుకు ఈ మూడో భారం లేదు. గుంటూరు ఫోటోగ్రాఫరు మూడూ మోశాడు. అమెరికా ద్రవ్యోల్బణంతో అతనికి ఏ సంబంధమూ లేదు, అతని సంపాదన డాలర్లలోనూ లేదు. అయినా ఆ బరువు అతని మీద పడింది.

దీనికి మూలకారణం ఒక్కటే. కానన్, నికాన్, సోనీ, ఫ్యూజీఫిల్మ్, పానాసోనిక్ కెమెరాలేవీ భారతదేశంలో తయారుకావు. జపాన్, థాయ్‌లాండ్, చైనా కర్మాగారాల్లో తయారై దిగుమతి అవుతాయి. కాబట్టి హైదరాబాదులోనో విజయవాడలోనో దుకాణంలో కనిపించే ధర అక్కడ పుట్టింది కాదు. టోక్యోలో వడ్డీ రేటు, అమెరికాలో సుంకం, థాయ్‌లాండ్‌లో వాన, ఢిల్లీలో పన్ను, ముంబైలో రిజర్వు బ్యాంకు నిర్ణయం, ఇవన్నీ తలా ఒక చెయ్యి వేశాకే ఆ ధర తేలుతుంది.

లైకా నాటి నుంచీ

కెమెరా ఎవరికి అందుబాటులో ఉంటుందన్నది మొదటినుంచీ దేశాల ఆర్థిక స్థితిని బట్టే తేలుతూ వచ్చింది. జర్మనీలోని వెట్స్‌లార్ పట్టణంలో ఆస్కార్ బార్నాక్ 1914 నాటికే చేతిలో ఇమిడే కెమెరా నమూనా తయారుచేశాడు. అది అంగట్లోకి రావడానికి పదేళ్లు పైనే పట్టింది. మధ్యలో ప్రపంచయుద్ధం, ఆ తర్వాత 1923లో జర్మన్ మార్కును పనికిరాని కాగితంగా మార్చేసిన ద్రవ్యోల్బణం. 1924 జూన్‌లో సంస్థ యజమాని ఎర్నెస్ట్ లైట్జ్ నష్టం వచ్చినా సరేనని తయారీకి నిర్ణయం తీసుకున్నాడు. ఆ గడ్డురోజుల్లో తన కార్మికులకు పని చూపించాలన్న ఆలోచన కూడా ఆ నిర్ణయం వెనక ఉంది. 1925 లైప్‌జిగ్ వసంత వాణిజ్య ప్రదర్శనలో లైకా జనం ముందుకు వచ్చింది.

ఆ లైకా 1930లలో జపానులో 420 యెన్ల దాకా పలికేది. పెద్ద బ్యాంకులో కొత్తగా చేరిన ఉద్యోగి నెల జీతం అప్పట్లో 70 యెన్లు. అంటే ఆరు నెలల జీతం. ఆ ఖరీదు భరించలేని దేశంలో సొంతంగా కెమెరా చేసుకోవాలన్న పట్టుదల పుట్టింది. 1936లో వచ్చిన హంసా కానన్ ధర 275 యెన్లు. అదీ నాలుగు నెలల జీతమే. అయినా లైకా కంటే మూడో వంతు తక్కువ.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత కథ తిరగబడింది. 1949లో డాలరుకు 360 యెన్ల స్థిర మారకం రేటు ఖాయమైంది. మరుసటి ఏడాది కొరియా యుద్ధాన్ని చిత్రించిన లైఫ్ పత్రిక ఫోటోగ్రాఫరు డేవిడ్ డగ్లస్ డంకన్, నికాన్ సంస్థ నిక్కార్ లెన్సుల పదును చూసి వాటినే వాడాడు. ఆ మాట అమెరికన్ పత్రికలకెక్కింది. జపాన్ సరుకు నాణ్యత లోకానికి తెలియడానికి డంకన్ ఫోటోలు తోడ్పడ్డాయి. ఆ సరుకు అమెరికన్ల జేబుకు అందడానికి 360 యెన్ల రేటు తోడ్పడింది. రెండోది లేకుండా మొదటిది ఒక్కటే జపాన్ పరిశ్రమను నిలబెట్టగలిగేది కాదు. 1971 దాకా, ఇరవై రెండేళ్లపాటు, ఆ రేటు కదల్లేదు. ఆలోగా జర్మన్ కెమెరా పరిశ్రమ వెనకబడిపోయింది. జీతాల భారం తట్టుకోలేక రోలై సంస్థ 1970ల మొదట్లో ఉత్పత్తిని సింగపూరుకు తరలించింది. అదీ గట్టెక్కించలేదు, 1981లో దివాలా తీసింది.

1973 చమురు సంక్షోభం తర్వాత జపానుకూ ఖర్చులు పెరిగాయి. దానికి జవాబు ఇంజినీర్లు చెప్పారు. 1976లో వచ్చిన కానన్ ఏఈ-1లో మైక్రోప్రాసెసర్ పెట్టి, కొన్ని వందల యాంత్రిక భాగాలు తీసేసి, బిగింపు పనిలో చాలా భాగం యంత్రాలకు అప్పగించారు. మంచి ఎస్ఎల్ఆర్ కెమెరా మధ్యతరగతి ఇంటికి చేరింది అప్పుడే.

1985 సెప్టెంబరు 22న న్యూయార్కులోని ప్లాజా హోటల్లో అయిదు దేశాల ఆర్థికమంత్రులు డాలరు విలువ తగ్గించడానికి ఒప్పందం చేసుకున్నారు. అప్పటికి 240 యెన్ల దగ్గర ఉన్న డాలరు 1987 చివరికి దాదాపు సగానికి పడింది. జపానులో తయారుచేసి అమెరికాలో అమ్మేవాళ్లకు అది పిడుగుపాటే. అక్కడినుంచి కర్మాగారాలు దేశం దాటడం ఊపందుకుంది. కానన్ 1990లో చైనాలోని జుహాయ్‌లో సంస్థ పెట్టింది. నికాన్ అదే ఏడాది థాయ్‌లాండ్‌లో పెట్టింది. ఈనాటి నికాన్ కెమెరాల్లో చాలావాటి అడుగున థాయ్‌లాండ్ పేరు కనిపించడం వెనక ప్లాజా ఒప్పందం ఉంది.

ఎక్కడం వేగం, దిగడం నెమ్మది

మారకం రేటు ధరలోకి ఎలా దిగుతుందో చూడటానికి కానన్ 5డి వరుస కంటే మంచి ఉదాహరణ దొరకదు. 2008 సెప్టెంబరులో 5డి మార్క్ 2ను 2,699 డాలర్లకు ప్రకటించారు. అప్పుడు డాలరు సుమారు 105 యెన్లు. 2012 మార్చిలో మార్క్ 3ను 3,499 డాలర్లకు ప్రకటించారు. కొన్నవాళ్లకు ఒక్కసారిగా 800 డాలర్లు పెంచేశారన్న కోపం వచ్చింది. కానీ అప్పటికి యెన్ బలపడి డాలరు 82 దగ్గరకు వచ్చింది. రెండు ధరలనూ యెన్లలోకి మార్చితే రెండూ దాదాపు 2 లక్షల 85 వేలే. కంపెనీ చేతికి వచ్చే యెన్ల లెక్కలో ధర కదల్లేదు. మారింది డాలరు విలువ.

ఇంతవరకు న్యాయంగానే ఉంది. 2012 చివర్లో షింజో అబే ప్రభుత్వం వచ్చాక జపాన్ కేంద్ర బ్యాంకు డబ్బు చలామణీని పెంచింది, యెన్ పడిపోయింది. 2015 నాటికి డాలరు 120 యెన్లు దాటింది. పాత లెక్క ప్రకారం 5డి తరగతి కెమెరా 2,400 డాలర్లకు దిగాలి. దిగలేదు. 2016లో వచ్చిన 5డి మార్క్ 4 ధర కూడా 3,499 డాలర్లే. ఒకసారి అలవాటైన ధరను కంపెనీ వదులుకోదు. యెన్ బలపడితే ఆ భారం కొనేవాడిది, యెన్ పడితే ఆ లాభం కంపెనీది. తగ్గించక తప్పని రోజున కూడా అసలు ధర అలాగే ఉంచి, పండుగ క్యాష్‌బ్యాక్ అనో, ఉచిత మెమరీ కార్డు, బ్యాగు అనో తాత్కాలికంగా ఇస్తారు. దసరా దీపావళి మధ్య మన దుకాణాల్లో కనిపించే ఆఫర్లలో ఎక్కువ భాగం ఈ జాతివే. గడువు తీరగానే పాత ధర తిరిగి వస్తుంది.

కంపెనీల పక్షాన చెప్పుకోవలసిన మాటా ఒకటుంది. కర్మాగారాలు దేశం దాటాక ఖర్చులన్నీ యెన్లలో ఉండవు. థాయ్‌లాండ్‌లో జీతాలు బాత్‌లలో, చైనాలో యువాన్లలో ఇవ్వాలి. చమురు, లోహాలు, చిప్పులు డాలర్లలో కొనాలి. యెన్ పడినప్పుడు ఈ ఖర్చులు యెన్ లెక్కలో పెరుగుతాయి. అందువల్ల యెన్ పతనం ఒకప్పటిలా పూర్తిగా చవకదనంగా మారదు.

యెన్ మరీ పడినప్పుడు ఇంకో వింత జరుగుతుంది. 2024 జులైలో డాలరు 160 యెన్లు దాటినప్పుడు టోక్యోలోని సెకండ్ హ్యాండ్ కెమెరా దుకాణాలు విదేశీ యాత్రికులతో కిటకిటలాడాయి. అక్కడి ధర మిగతా దేశాల ధర కంటే బాగా తక్కువైతే కొనుగోళ్లు అటు మళ్లుతాయి. దీన్ని ఆపడానికి కంపెనీల దగ్గర ఉపాయాలున్నాయి. జపాను కోసం తయారయ్యే సోనీ కెమెరాల్లో చాలావాటికి మెనూ జపనీస్‌లోనే ఉంటుంది. వారంటీ కొన్న దేశానికే పరిమితం చేస్తారు. ఒకే కెమెరాను వేర్వేరు దేశాల్లో వేర్వేరు ధరలకు అమ్మగలగడానికి కట్టిన గోడలివి.

కెమెరాలు తగ్గి, ధరలు పెరిగి

మారకం రేటు కంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సిపా లెక్కల ప్రకారం 2010లో ప్రపంచమంతటా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు కర్మాగారాలు దాటాయి. అందులో 10 కోట్లకు పైగా జేబులో పట్టే కాంపాక్ట్‌లు. ఆ తర్వాత ఆ పనిని ఫోను లాగేసుకుంది. 2024లో మొత్తం కెమెరాలు 85 లక్షలకు అటూ ఇటూ. పధ్నాలుగేళ్లలో పధ్నాలుగో వంతుకు పడిపోయాయి. కానీ అమ్మకాల విలువ అంత పడలేదు. 2010లో సుమారు లక్షా 64 వేల కోట్ల యెన్లు, 2024లో సుమారు 82 వేల కోట్ల యెన్లు. సగం. ఒక్కో కెమెరా సగటు విలువ కర్మాగారం గేటు దగ్గరే 13 వేల యెన్ల నుంచి లక్ష యెన్లకు దగ్గరైంది.

ఈ సగటు పెరగడానికి ఒక కారణం చవక కెమెరాలు లెక్కలోంచి తప్పుకోవడం. రెండో కారణం స్థిర ఖర్చులు. సెన్సరు రూపకల్పన, ప్రాసెసర్, సాఫ్ట్‌వేర్, లెన్సు అచ్చులు, వీటి ఖర్చు లక్ష కెమెరాలు చేసినా పది లక్షలు చేసినా పెద్దగా మారదు. సంఖ్య తగ్గితే ఒక్కో కెమెరా మీద పడే వాటా పెరుగుతుంది. చవక కెమెరా మీద ఆ వాటా వేస్తే అది చవకగా ఉండదు. అందుకే కంపెనీలు కింది తరగతిని పలచన చేసుకుంటూ, డబ్బు పెట్టగల నిపుణుల వైపు, సంపన్న అభిరుచిపరుల వైపు జరిగాయి. జరగలేనివాళ్లు తప్పుకున్నారు. కాసియో 2018లో కాంపాక్ట్ కెమెరాలు వదిలేసింది. ఒలింపస్ తన కెమెరా విభాగాన్ని 2021 జనవరిలో మరొకరికి అప్పగించి ఎనభై ఏళ్లకు పైబడిన వ్యాపారం నుంచి బయటపడింది.

2003లో కానన్ ఈఓఎస్ 300డిని 899 డాలర్లకు తెచ్చినప్పుడు మార్చే లెన్సుల డిజిటల్ కెమెరా మొదటిసారి వెయ్యి డాలర్ల లోపుకు వచ్చింది. అంతకు పన్నెండేళ్ల ముందు, 1991లో, కొడాక్ తొలి డిజిటల్ ఎస్ఎల్ఆర్ ధర 20 వేల డాలర్ల స్థాయిలో ఉండేది. ఆ పన్నెండేళ్లలో ధరలు కిందికి జారాయి, ఎందుకంటే మార్కెట్టు ఉబ్బుతోంది. ఇప్పుడది కుదించుకుపోతోంది. చిప్పుల శాస్త్రం అప్పుడూ ఇప్పుడూ ముందుకే పోతోంది, అయినా ధరల దిశ తిరగబడింది. కొత్త సాంకేతికత వస్తే ధర దానంతట అదే దిగుతుందని నమ్మేవాళ్లు ఈ రెండు కాలాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

వరద, భూకంపం, చిప్పు

సరఫరా దెబ్బతింటే ధర వెంటనే స్పందిస్తుంది. 2011 మార్చిలో జపాన్ ఈశాన్య తీరాన్ని భూకంపం, సునామీ ముంచినప్పుడు సెండాయ్‌లోని నికాన్ కర్మాగారం ఆగింది. అదే ఏడాది అక్టోబరులో థాయ్‌లాండ్ వరదల్లో అయుత్తయలోని నికాన్ కర్మాగారం నీటమునిగింది. సోనీ కర్మాగారమూ నిలిచిపోయింది. ఖర్చు తగ్గించుకోవడానికి ఒకేచోట పోగుచేసిన తయారీ ఒకే వరదకు ఆగిపోయింది. 2016 ఏప్రిల్‌లో కుమమోతో భూకంపం సోనీ సెన్సరు కర్మాగారాన్ని దెబ్బతీసింది. సోనీ సెన్సర్లు ఇతర కంపెనీల కెమెరాల్లోకీ వెళ్తాయి కాబట్టి దెబ్బ అందరికీ తగిలింది.

లెన్సు గాజుకూ తన కథ ఉంది. కాంతిని బాగా వంచే గాజులో లాంథనం అనే అరుదైన మూలకం కలుపుతారు, లెన్సును మెరుగుపెట్టడానికి సీరియం ఆక్సైడు వాడతారు. ఈ రెండూ అత్యధికంగా చైనా నుంచి వచ్చేవి. 2010లో చైనా ఎగుమతులు బిగించేసరికి 2011లో వీటి ధరలు ఎన్నో రెట్లు పెరిగి, ఆ తర్వాత దిగాయి.

2020 తర్వాత వచ్చిన చిప్పుల కొరత ఇంకా గుర్తుండే ఉంటుంది. 2021 చివర్లో సోనీ కొన్ని మోడళ్లకు కొత్త ఆర్డర్లు తీసుకోవడమే ఆపేసింది. కొరతలో కంపెనీ తన దగ్గరున్న చిప్పులను లాభం ఎక్కువ వచ్చే ఖరీదైన కెమెరాలకు కేటాయిస్తుంది. కింది తరగతి కెమెరా కోసం ఎదురుచూసేవాడే మొదట నష్టపోతాడు. 2025 చివరి నుంచి ఏఐ డేటా కేంద్రాల గిరాకీ వల్ల మెమరీ చిప్పుల ధరలు మళ్లీ పెరిగాయి. ఆ వేడి మెమరీ కార్డులకూ ఎస్ఎస్‌డీలకూ తగులుతోంది. పెళ్లి వీడియోలు భద్రపరిచే స్టూడియోలకు ఇది చిన్న ఖర్చు కాదు.

పన్ను వేసే ముద్ర

చాలా ఏళ్లపాటు ఫోటో కెమెరాలు వీడియో తీస్తుంటే 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోయేవి. అది వేడెక్కడం వల్ల అని చాలామంది అనుకునేవారు. అసలు కారణం పన్ను. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం ఏకధాటిగా 30 నిమిషాలు వీడియో తీయగలిగితే అది వీడియో కెమెరా కిందికి వచ్చి సుంకం పడేది, తీయలేకపోతే ఫోటో కెమెరాగా సుంకం తప్పేది. భారత కస్టమ్స్ శాఖ కూడా 2012లో సుంకం మినహాయింపుకు ఇలాంటి 30 నిమిషాల షరతునే పెట్టింది. ఒక పన్ను నిబంధన యంత్రం పనితీరునే నిర్ణయించింది. వాడేవాళ్లకు ఏ మేలూ చేయని ఈ షరతు వల్ల, మండపంలో సరిగ్గా తాళి కట్టే సమయానికి రికార్డింగ్ ఆగిపోతుందేమోనని వీడియోగ్రాఫర్లు మధ్యమధ్య ఆపి మళ్లీ మొదలుపెట్టే అలవాటు చేసుకోవలసి వచ్చింది.

2017 జులైలో జీఎస్‌టీ వచ్చినప్పుడు డిజిటల్ కెమెరాలను 28 శాతం శ్లాబులో, విలాస వస్తువుల సరసన పెట్టారు. ఊళ్లో స్టూడియో నడిపేవాడికి కెమెరా విలాసం కాదు, దర్జీకి కుట్టుమిషను లాంటి పనిముట్టు. 2019 జనవరి 1 నుంచి దాన్ని 18 శాతానికి తగ్గించారు. అయితే ఆ 18 శాతం అందరికీ ఒకటి కాదు. జీఎస్‌టీ నమోదు ఉన్న పెద్ద స్టూడియో ఆ పన్నును తాను కట్టవలసిన పన్నులో మినహాయించుకోగలదు. ఏడాదికి 20 లక్షల లోపు సంపాదించే చిన్న ఫోటోగ్రాఫరుకు నమోదు అవసరం లేదు, మినహాయింపూ రాదు. రెండున్నర లక్షల కెమెరా మీద 45 వేల పన్ను అతను జేబులోంచి భరించాల్సిందే. పెద్దవాడికి కెమెరా చవక, చిన్నవాడికి ఖరీదు.

నిషేధమూ ధరే. 2022 ఫిబ్రవరిలో కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకు మాత్రమే మినహాయింపు ఇచ్చింది. పెళ్లిళ్లలో డ్రోన్ షాట్లకు గిరాకీ తగ్గలేదు. ఫలితంగా చైనా డ్రోన్లు బిల్లు, వారంటీ లేకుండా దొడ్డిదారిన చేతులు మారడం మొదలైంది.

2025లో అమెరికా సుంకాలు ఈ కథకు కొత్త మలుపు. ఏప్రిల్‌లో జపాన్ సరుకు మీద 24 శాతం సుంకం ప్రకటించి, చర్చల తర్వాత 15 శాతానికి తెచ్చారు. థాయ్‌లాండ్ సరుకు మీద 19 శాతం ఖాయం చేశారు. నికాన్ సుంకాల పేరు చెప్పి జూన్ 23 నుంచి అమెరికాలో ధరలు పెంచింది. కానన్, సోనీ, లైకా ధరలూ పెరిగాయి. తెలుగువాళ్లకు ఇది నేరుగా తగిలే సంగతి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అన్నయ్యో, బావగారో వచ్చేటప్పుడు కెమెరా తెమ్మని చెప్పడం మన ఇళ్లలో ఇరవై ఏళ్లుగా ఉన్న పద్ధతి. అక్కడ ధర తక్కువన్నదే దానికి ఆధారం. సుంకాల తర్వాత ఆ తేడా చాలా మోడళ్లలో కరిగిపోయింది. అమెరికా వారంటీ ఇక్కడ చెల్లదు, బ్యాగేజీ పరిమితి దాటితే కస్టమ్స్ సుంకం కట్టాలి. అంచేత తెప్పించుకునే ముందు ఇక్కడి ధర ఒకసారి కనుక్కోవాలి.

రూపాయి, ముహూర్తం, వాయిదా

1991కి ముందు భారతదేశంలో విదేశీ కెమెరా దొరకడమే గగనం. విదేశీ మారకద్రవ్యం కొరత వల్ల దిగుమతులకు కట్టుదిట్టమైన లైసెన్సులుండేవి. ఇళ్లలో ఆగ్ఫా క్లిక్ 3, స్టూడియోల్లో చేతులు మారుతూ వచ్చిన యాషికాలు. 1991 జులైలో రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించి, తలుపులు తెరిచాక సరుకు రావడం మొదలైంది. అప్పటినుంచి కొరత పోయింది, దాని చోట రూపాయి విలువ వచ్చి కూర్చుంది. 2013 వేసవిలో అమెరికా కేంద్ర బ్యాంకు డబ్బు ముద్రణ తగ్గిస్తామని సూచించగానే కొద్ది నెలల్లో డాలరు 54 రూపాయల నుంచి 68 దాటింది. దిగుమతి ఎలక్ట్రానిక్స్ అన్నిటి మీదా ఆ ప్రభావం పడింది.

తెలుగునాట కెమెరాలు కొనేవాళ్లలో పెళ్లి ఫోటోగ్రాఫర్ల వాటా పెద్దది. వారి ఆదాయం పంచాంగం మీద నడుస్తుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం నెలల్లో ఆర్డర్లు ముంచెత్తుతాయి. ఆషాఢంలోనూ మూఢాల్లోనూ కెమెరా బీరువాలో ఉంటుంది. ఆర్డరు ధర నెలల ముందే రూపాయల్లో మాట్లాడుకుని అడ్వాన్సు తీసుకుంటారు. మధ్యలో డాలరు పెరిగినా పెళ్లివారిని అడగలేరు. పోటీ పెరగడం వల్ల ఆల్బం రేటు పెంచడమూ తేలిక కాదు. డాలర్లలో పెరిగే ఖర్చుకూ రూపాయల్లో నిలిచిపోయిన రాబడికీ మధ్య ఈ వృత్తి నలుగుతోంది.

ఆ సందులోకి వాయిదాలు వచ్చాయి. 2020 మేలో రిజర్వు బ్యాంకు ఇతర బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటు 4 శాతం. 2023 ఫిబ్రవరికి 6.5 శాతానికి పెరిగి, 2025 డిసెంబరుకు 5.25 శాతానికి దిగింది. రేటు పెరిగినప్పుడు రుణాల మీద వడ్డీ పెరుగుతుంది. వడ్డీ లేని వాయిదా అన్నదాంట్లో కూడా ఆ వడ్డీ ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు. చాలాసార్లు రొక్కానికి ఇచ్చే తగ్గింపు వాయిదాకు ఇవ్వకపోవడంలోనే అది దాగి ఉంటుంది. కొనేవాళ్లు రెండు ధరలూ అడగాలి.

2020 లాక్‌డౌన్‌లో ఈ వృత్తి ఎంత పలచటి నేల మీద నిలబడిందో బయటపడింది. పెళ్లికి 50 మంది మించకూడదన్నారు. వేసవి ముహూర్తాలన్నీ పోయాయి. వాయిదాలు కట్టలేక, ఇల్లు గడవక ఎందరో కెమెరాలు, లెన్సులు తెగనమ్ముకున్నారు. అమ్మేవాళ్లు ఎక్కువై కొనేవాళ్లు లేక సెకండ్ హ్యాండ్ ధరలు కుప్పకూలాయి. పనులు తిరిగి మొదలయ్యేసరికి చిప్పుల కొరత వల్ల కొత్త కెమెరాలు దొరకలేదు. అదే పాత సరుకుకు మళ్లీ ధర పలికింది. కష్టంలో అమ్ముకున్నవాడే ఎక్కువ ధర పెట్టి తిరిగి కొనుక్కోవలసి వచ్చింది.

గిరాకీ ఒక్కటే ధరను ఎంత దూరం లాగగలదో ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100వీ చూపించింది. 2020లో 1,399 డాలర్లకు వచ్చిన ఈ చిన్న కెమెరా టిక్‌టాక్ వీడియోల వల్ల 2022 తర్వాత ఎక్కడా దొరకలేదు. వాడిన కెమెరా కొత్తదాని కంటే ఎక్కువ ధరకు అమ్ముడుపోయింది. 2024లో దాని తర్వాతి మోడల్ ఎక్స్100వీఐని 1,599 డాలర్లకు తెచ్చారు.

ధరలను కిందికి లాగే శక్తులు లేకపోలేదు. కెమెరా కంపెనీ సొంత లెన్సులకు బదులు వాడుకోగల సిగ్మా, టామ్రాన్ లెన్సులు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇప్పుడు విల్‌ట్రాక్స్, టీటీఆర్టిజన్ వంటి చైనా సంస్థలు కంపెనీ లెన్సు ధరలో చిన్న వాటాకే లెన్సులు ఇస్తున్నాయి. ఏ కెమెరా మౌంటుకు, అంటే లెన్సు బిగించే భాగానికి, ఇతరుల లెన్సులు దొరుకుతాయో ఆ కెమెరా మొత్తం ఖర్చు తగ్గుతుంది. కానన్ తన ఆర్ఎఫ్ మౌంటును చాలా కాలం మూసిపెట్టి, 2024లో చిన్న సెన్సరు కెమెరాలకు మాత్రం సిగ్మా, టామ్రాన్‌లను అనుమతించింది. కొనేవాడు బాడీ ధర ఒక్కటే చూసి నిర్ణయిస్తే, అసలు ఖర్చు తర్వాత లెన్సుల రూపంలో వస్తుంది. బాడీ విలువ రెండు మూడేళ్లలో బాగా పడిపోతుంది, మంచి లెన్సు విలువ ఏళ్ల తరబడి నిలుస్తుంది.

కంపెనీలు లోపల అద్దం లేని మిర్రర్‌లెస్‌ కెమెరాలకు మారిపోవడంతో అద్దం ఉన్న పాత తరహా డీఎస్ఎల్ఆర్‌ల సెకండ్ హ్యాండ్ ధరలు మాత్రం దిగుతూనే ఉన్నాయి. ఒకప్పుడు 3,499 డాలర్లకు వచ్చిన 5డి మార్క్ 3 తరగతి కెమెరాలు ఈనాటి కొత్త చిన్న మిర్రర్‌లెస్ కంటే తక్కువకు దొరుకుతున్నాయి. కొత్తగా పని నేర్చుకునే కుర్రవాళ్లు, అమ్మాయిలు అప్పుచేసి కొత్త బాడీ కొనే ముందు వీటిని చూడాలి. షట్టర్ కౌంట్ (అప్పటికి తీసిన ఫోటోల సంఖ్య), అసలు బిల్లు, సర్వీసు సెంటరులో విడిభాగాల లభ్యత, ఈ మూడూ కనుక్కుని కొంటే రూపాయి పతనం, యెన్ ఎగుడుదిగుళ్లు, అమెరికా సుంకాలు వారి మీద మోపే భారం బాగా తగ్గుతుంది.